త్రినాధరావు వంతు

త్రినాధరావు మా కాలేజీ కబడ్డీ కెప్టెన్. అనకాపల్లిలో వాళ్ళ నాన్నకి బెల్లం కొట్టుంది. మా ఊరు చీడికాడ నుంచి బళ్ళు బెల్లం దింపేది అక్కడే. జట్టుకి బనీన్లు కొన్నదీ ఆయనే. ఇంకేం, మా కెప్టెన్ మహానుభావుడి కంటికి నేను ఆటగాణ్ణి కాను, బెల్లం తోలుకొచ్చేవాడి కొడుకుని. రెండేళ్ళూ నన్ను మూల నిలబెట్టాడే గాని కూతకు పంపలేదు. వాడంటే నాకు ఒళ్ళు మంట. ఇప్పటికీ అంతే.

ఆ రోజు విశాఖపట్నం కాలేజీతో ఫైనలు. యూనివర్సిటీ జట్టులోకి ఒకణ్ణి ఎంచుకోడానికి వాల్తేరు నుంచి సెలక్టరు వచ్చి కూచున్నాడు. ఆయన కళ్ళ ముందు ఒక్క కూత దొరికితే చాలు నాకు. సిగ్గు విడిచి అడిగాను కూడా. నోరు మూసుకుని మూల నిలబడమన్నాడు త్రినాధరావు.

శాస్తి జరిగింది. మొదటి కూతలోనే వాడు దొరికిపోయి అవుటయ్యాడు. వాడి వెనకే మిగతావాళ్ళూ పోయారు. చివరికి బరిలో నేనొక్కణ్ణే. ఇక నన్ను ఆపేవాడెవడు? వెళ్ళి ఒకణ్ణి ముట్టి వచ్చాను. అవతల ఒకడు పోతే మనవాడొకడు లోపలికి వస్తాడు, ముందు పోయినవాడే ముందు. అంటే నా కష్టానికి ఫలం త్రినాధరావు.

వస్తూనే, "నువ్ మూలకెళ్ళు. కూతకి నేనెళ్తాను," అన్నాడు. వెళ్ళాడు, మళ్ళీ దొరికాడు.

అప్పుడు తట్టింది నాకు. ఈసారి వరసలో వాడు అందరికంటే ఆఖరు.

ఇక రెచ్చిపోయాను. వాళ్ళవాడు కూతకొస్తే అందకుండా తప్పించుకున్నాను, నేను వెళ్ళినప్పుడల్లా ఒకణ్ణో ఇద్దర్నో ముట్టి వచ్చాను. బాజీ లోపలికొచ్చాడు, నూకరాజు వచ్చాడు, తక్కినవాళ్ళూ వచ్చారు. అందరూ నన్నే వెళ్ళమన్నారు. మేం ముందంజలో ఉన్నాం. బయట మిగిలింది త్రినాధరావు ఒక్కడే. ఇంకొకణ్ణి ముడితే వాడు లోపలికొస్తాడు.

ముట్టలేదు. కూత పెట్టుకుంటూ అటూ ఇటూ తిరిగి, చెయ్యి చాపితే అందేవాణ్ణి కూడా వదిలేసి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను, మళ్ళీ అంతే. త్రినాధరావు గీత బయట నించుని నన్ను తిట్టని తిట్టు లేదు. విజిల్ పడింది. గెలిచాం.

సెలక్టరు నన్ను రమ్మని సైగ చేశాడు. ఈలోగా త్రినాధరావు వచ్చి నా బనీను గుప్పిట పట్టాడు.

"నా వంతొచ్చేసరికి నీ సెయ్యి పడిపోనాదేట్రా?"

"ఓసారి నిన్ను లోపలికి తెచ్చేను కద బావా. వచ్చి ఏటి సేసేవు?"

"మా నాన్న కొన్న బనీను ఇది. ఇప్పు ముందు."

జనం చూస్తుండగానే విప్పి వాడి భుజాన పడేశాను. ఉత్త ఒంటితోనే సెలక్టరు దగ్గరికి నడిచాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, బనీను ఏమైందని అడిగాడు. కెప్టెనుది, ఇచ్చేశానన్నాను. పోన్లే, వాల్తేరు వస్తే యూనివర్సిటీ బనీను ఇస్తామన్నాడు.

త్రినాధరావు కాస్త దూరంలో ఉన్నాడు. వాడి చెవిన పడిందో లేదోనని, సరిగ్గా వినపడలేదండి అన్నాను. ఆయన ఈసారి గట్టిగా చెప్పాడు.