అక్క గురక పెట్టదని చెప్పాను

మా కుట్టుషాపులో కత్తిరింపు అక్కది, కుట్టు నాది. గీత గీయకుండానే గుడ్డ కత్తిరించగల చెయ్యి ఆమెది. వీధిలో అందరికీ ఆమె మాస్టరక్క.

అక్క గురక పెద్దది. నలుగురూ చేరినప్పుడల్లా బావ "మా ఇంట్లో పిండిమరకి కరెంటు అక్కర్లేదు" అనేవాడు. అందరూ విరగబడి నవ్వేవాళ్ళు, నాతో సహా. అక్కా నవ్వేది. కానీ చుట్టాలిళ్ళలో రాత్రిళ్ళు ఉండటం మానేసింది. సొంతింట్లో కూడా చాప తీసుకుని వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. మగవాడి గురకని ఎవరూ పట్టించుకోరు. ఆడది గురక పెడితే అదొక నామర్దా.

ఒకసారి బావ ఊరెళ్తే నేను తోడు పడుకున్నాను. గురక ఉన్నట్టుండి ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. కాసేపటికి నీళ్ళలో మునిగి తేలిన మనిషిలా అక్క ఒక్క ఉదుటున ఊపిరి లాగింది. మళ్ళీ గురక, మళ్ళీ ఆగడం. భయపడాల్సింది పోయి నేను ముసుగు తన్ని పడుకున్నాను.

పగలు అక్క బల్ల దగ్గరే కునికేది. ఒకరోజు ఎవరిదో పట్టుగుడ్డని ముందూ వెనకా తారుమారు చేసి కత్తిరించేసింది. నాకు ఒళ్ళు మండింది.

"రాత్రంతా గుర్రు పెట్టి పడుకుంటావు, పగలు కూడా నిద్రేనా అక్కా?"

"ఎంత పడుకున్నా పడుకున్నట్టుండదే" అంది ముక్కలు ఏరుకుంటూ.

ఆ నెలలోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రెండు రకాల మాత్రలు మింగుతున్నా అక్కకి బీపీ దిగడం లేదు. ఆవిడ రాయడం ఆపి అడిగింది.

"నిద్రలో గురక పెడతారా? మధ్యలో ఊపిరి ఆగినట్టు ఎవరైనా గమనించారా?"

గదిలో ఇంకో ఇద్దరు రోగులున్నారు. అక్క నావైపు చూసింది. పరువు కాపాడమన్న చూపది.

"అబ్బే, లేదండీ. నిద్రలో ఉలుకూ పలుకూ ఉండదు మా అక్కకి" అన్నాను.

డాక్టరమ్మ మాత్ర మార్చి రాసింది. మెట్లు దిగుతూ అక్క నా చెయ్యి నొక్కింది. ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను.

ఏడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం కత్తెర కింద పడిన చప్పుడైంది. మళ్ళీ కునుకుతోందనుకుని నేను తల కూడా ఎత్తలేదు. ముద్దముద్దగా ఏదో మాట వినబడ్డాక చూస్తే, అక్క మూతి ఒక పక్కకి లాగేసి ఉంది.

పక్షవాతం. పెద్దాసుపత్రి డాక్టరూ అదే ప్రశ్న అడిగాడు. మాట పోయిన అక్క మంచం పక్కన నిలబడి ఈసారి అంతా చెప్పాను. ఒంటికి తీగలు తగిలించి నిద్రని పరీక్షించారు. గంటకి నలభైసార్లు ఊపిరి ఆగుతోందట.

"ఆగిన ప్రతిసారీ గుండె, మెదడు గాలి అందక అల్లాడతాయమ్మా. ఏళ్ళ తరబడి అలా జరిగితే బీపీ మందులకి లొంగదు. ముందే తెలిసుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో" అన్నాడు.

ఆ 'ఏమో'ని పట్టుకుని ఎన్ని రోజులు వేలాడానో.

ఇప్పుడు అక్క ముక్కుకి గాలి ఊదే మిషను పెట్టుకుని పడుకుంటోంది. బావే రోజూ దాన్ని శుభ్రం చేస్తాడు, ఒక్క జోకూ వెయ్యడు. మాట తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్ళలో మాత్రం కదలిక రాలేదు. ఆమె పక్కన కూర్చుని చెబుతుంటే నేను కత్తిరిస్తున్నాను, వంకరటింకరగా.

మొన్న ఉండబట్టలేక అన్నాను. "ఆరోజు నేను అబద్ధం చెప్పకుండా ఉంటే..."

"అడిగింది నేనేగా, ఊరుకోవే" అంది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, సంతోషంగానే అంది. "పొద్దున తలనొప్పి లేదు. కళ్ళు మూతలు పడటం లేదు. నిద్రంటే ఇలా ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలీనే తెలీదే."