కప్పకు వినబడే దాకా

పొద్దున చర్చి గంట మోగేసరికి యాదవ్వ అరుగు మీద గోడకు చేరగిలబడి, ఒడిలో చాట పెట్టుకుని కూర్చునేది. తడిపిన తునికాకు కట్ట ఒక పక్క, కత్తెరా రేకు అచ్చూ ఇంకో పక్క. అచ్చు పెట్టి ఆకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పరిచి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. మెదక్‌లో వాళ్ల వాడలో ఏ అరుగు చూసినా ఇదే పని. కళ్లు వీధిలో పోయే రిక్షా మీద ఉన్నా, నోరు పొరుగామెతో కష్టసుఖాలు మాట్లాడుతున్నా, యాదవ్వ చేతిలో బీడీ మాత్రం వంకర పోయేది కాదు. పెళ్లై వచ్చిన తొమ్మిదేళ్లలో తంబాకు ఆమె చీరకూ జుట్టుకూ పట్టేసింది. అదొక వాసన అన్న సంగతే ఆమె మరిచిపోయింది.

ఆ ఏడు మిరుగు కార్తె వెళ్లిన వారానికి, ఒక పొద్దున చాటలో చెయ్యి పెట్టగానే తంబాకు వాసన గుప్పుమని కొట్టి కడుపులో దేవినట్టయింది. నోట్లో రాగిచెంబు నాకినట్టు ఒక వగరు. రవికె బిగుతైంది, చెయ్యి తగిలితే నొప్పి. నిన్న మధ్యాహ్నం ఆకు కత్తిరిస్తూ కూర్చున్నచోటే నిద్రపోయిన సంగతి గుర్తొచ్చింది. బయట కూర్చోవలసిన దినం రేపో ఎల్లుండో.

యాదవ్వ చుట్టిన బీడీని చుట్టినట్టే పట్టుకుని ఉండిపోయింది. ఈ గుర్తులు ఆమెకు కొత్త కాదు. ఇంతకు ముందు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ వాటిని నమ్మకుండా, కప్పను నమ్మింది.

కప్ప అంటే ఖమర్బీ గోలెంలో కప్ప. ఖమర్బీ ఆ వాడకు మంత్రసాని. హిందువుల పిల్లలు, ముసల్మానుల పిల్లలు అని లేకుండా సగం వాడ ఆమె చేతుల్లోనే భూమ్మీద పడింది. ఆమె వాకిట్లో నల్లటి మట్టి నీళ్ల గోలెం, అందులో అరచేయంత కప్ప. నైజాం రోజుల్లో ఖమర్బీ నాయనమ్మ కాలం నుంచీ అదే కప్ప. వానాకాలం మెదక్ చెరువులన్నీ బెకబెకమంటున్నా అది నోరు తెరవదు. కడుపుతో ఉన్న ఆడమనిషి వచ్చి, దోసిట్లో నీళ్లు తీసుకుని గోలెంలో విడిస్తే మాత్రం ఒకే ఒక్కసారి పలుకుతుంది. దీన్ని ఎవరూ వింత అనుకోలేదు. పట్నంలో పెద్ద దవాఖానాలో కూడా డాక్టర్లు కప్పకే సూది వేసి చూస్తారని కాంపౌండర్ నసీరుద్దీన్ చెప్పాడు. కాకపోతే వాళ్ల కప్పలు నోరులేనివి, మనది మాట్లాడుతుంది, అంతే తేడా అనుకున్నారు.

కప్ప చుట్టూ వాడలో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, కప్ప పలికితే ఆ పిల్లను పరీక్షకు తీసుకొచ్చిన మనిషే కాన్పయ్యేదాకా ఆమెకు నీళ్లు మొయ్యాలి. అత్తలు నవ్వుకుంటూ మోసేవాళ్లు. రెండోది, మూడుసార్లు తీసుకొచ్చినా కప్ప పలకకపోతే ఆ మొగుడు ఇంకో పెళ్లి చేసుకోవచ్చు, మొదటి భార్య నోరెత్తకూడదు. సర్కారు చట్టం వద్దంటుందని ఎవరో అంటే, చట్టం కచేరీలో ఉంటుంది, కప్ప వాడలో ఉంటుంది అన్నారు పెద్దమనుషులు.

యాదవ్వ లెక్కలో కప్ప రెండుసార్లు పలకలేదు.

అత్త ఆగమ్మ పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో దినాలు గీసేది. కోడలు బయట కూర్చోవడం ఐదు దినాలు ఆలస్యమైతే చాలు, రెక్క పట్టుకుని గోలెం దగ్గరికి ఈడ్చుకుపోయేది. మొదటిసారి అట్లా పోయినప్పుడు ఖమర్బీ చెప్పిన మాట యాదవ్వకు ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

"జల్దీ చేయకు ఆగమ్మా. ఒక నెల తప్పంగనే కప్పకు ఇనవడదు. రెండో నెల గూడ తప్పాలె, మీద పది దినాలు పోవాలె. గప్పుడు తీస్కరా."

"పలికితే పలుకుతది, లేకుంటే లేదు. నాకు ఎదురుచూసే పురసత్ లేదు" అంది ఆగమ్మ.

కప్ప పలకలేదు. "ఏం లేదు పో, ఉత్త పరేషాన్. పోయి నీళ్లు తే" అని ఆగమ్మ పెద్ద బిందె నెత్తికెత్తింది. పక్కింట్లో పెళ్లి. బావి నుంచి నలభై బిందెలు మోసింది యాదవ్వ. పన్నెండో దినాన నెత్తురు. "ఆలస్యంగ వచ్చింది, గంతే" అంది అత్త. పోయినేడు కూడా అంతే. అదే గోలెం, అదే తొందర, అదే బిందె. రెండుసార్లూ యాదవ్వ ఆ బట్టలను పెరట్లో మూలన పాతిపెట్టి, పైన ఒక్కొక్క రాయి పెట్టింది. ఎందుకు పెట్టిందో తనకే తెలియదు. ఉత్త ఆలస్యానికి ఎవరైనా రాయి పెడతారా?

ఇప్పుడు తెలిసింది. తెలిసేసరికి వాంతి కంటే ముందు కోపం గొంతులోకి వచ్చింది. అత్తకు కుల్చారంలో తమ్ముడున్నాడు, తమ్ముడికి ఐలవ్వ అనే కూతురుంది. ఆ పిల్లను కోడలుగా తెచ్చుకోవాలని ఆగమ్మకు మొదటినుంచీ కోరిక. ఖమర్బీ మాట ఆమెకు చెవిన పడక కాదు. బాగానే పడింది.

"నిన్ను ఊకె వదల" అనుకుంది యాదవ్వ, చాటలో తంబాకు చూస్తూ. వాంతిని మింగేసి, ఇంకో ఆకు అందుకుంది.

రెండు దినాల తరువాత, రాకపోయినా వచ్చిందని చెప్పి కొట్టంలో చాప వేసుకుంది. అది పాపమని ఆమెకు తెలుసు. ఆగమ్మ ఉతికిన బట్టలు కూడా వాసన చూసే రకం. అందుకని ఆకు కత్తిరించే కత్తెర మొనతో పిక్క మీద గాటు పెట్టుకుని గుడ్డ తడిపింది. బయట ఉన్న ఆడది నీళ్లు ముట్టరాదు కాబట్టి ఆ మూడు దినాలు బిందె తప్పింది. మిగతా దినాలకు ఇంకో ఉపాయం చేసింది. పెద్ద బిందెను బావి గచ్చు మీద ఎత్తి పడేసింది. అడుగు సొట్టపోయి చిల్లు పడింది.

"చేతులు ఇరిగినయా నీకు?" అని ఆగమ్మ వాడంతా వినేట్టు తిట్టింది.

"చెయ్యి జారింది అత్తా. చిన్న బిందెతోని తెస్త తియ్యి, నాలుగుసార్లు ఎక్కువ తిరుగుత."

తిరగలేదు. సగం బిందె నడుముకు పెట్టుకుని, ప్రతి చెట్టు కిందా ఆగి, మెల్లగా తెచ్చింది. సోమరిపోతు అన్నారు, పడింది. తంబాకు వాసనకు తట్టుకోలేక ముక్కు దగ్గర చింతచిగురు పెట్టుకునేది. గంటకోసారి దొడ్డికి పోతే నీళ్లు ఎక్కువ తాగానని చెప్పేది. మొగుడు రాంచందర్ రైస్ మిల్లులో హమాలీ. మంచివాడే. కాకపోతే తల్లి గీసిన గీత దాటడు, ఆ గీత గోడ మీద బొగ్గుతో గీసిందైనా సరే. అతనికి ఒక్క ముక్క చెప్పలేదు. ఒక్కతే మోసింది, ఆ ఆనందాన్నీ ఆ కోపాన్నీ కలిపి.

రెండో నెల కూడా తప్పింది. మళ్లీ కొట్టం, మళ్లీ కత్తెర. తలస్నానం చేసి లోపలికి వచ్చిన దినమే ఆగమ్మ తడిక మూసి, మెత్తగా మొదలుపెట్టింది.

"ఎల్లుండి గోలెం దగ్గరికి పోదం బిడ్డా. మూడోసారి గూడ అయిపోతే అందరికి నిమ్మళం."

బిడ్డా అన్న మాట ఆ నోటి నుంచి రావడం యాదవ్వ అదే మొదలు వినడం. బట్ట మాసి, బయట కూర్చుని, స్నానం చేసి వచ్చిన మనిషికి కప్ప పలికేదేముంది? ఆగమ్మ గెలిచినట్టే లెక్క. కానీ ఎల్లుండి అంటే మరీ తొందర. కప్పకు వినబడాలంటే ఇంకా వారమైనా కావాలి. కాదంటే అనుమానం, అవునంటే అంతా మట్టి. యాదవ్వ తల వంచుకుని, ఓడిపోయిన మనిషి గొంతు తెచ్చుకుంది.

"నీ ఇష్టం అత్తా. నా నసీబు గంతే ఉంటే ఏం చేస్త? ఒక్కటే మాట. మీ తమ్మున్ని గూడ పిలువు. ఐలవ్వను గూడ తీస్కరమ్మను. కప్ప పలుకకుంటె అక్కడ్నే బొట్టు పెట్టుండ్రి. రేపు నేనే అడ్డం పడ్డనని ఎవలు అనొద్దు."

ఆగమ్మ కళ్లు మెరిశాయి. "నిజంగనేనా?"

"నిజంగనే. వాడ పెద్ద వీరయ్యకు గూడ చెప్పు. నలుగురుంటే మంచిది."

కుల్చారంలో నాట్లు జోరుమీదున్నాయి. నాట్లు వదిలి రాలేనని తమ్ముడు కబురు పంపాడు. అయ్యేదాకా ఆగండి అన్నాడు. ఆగమ్మ ఆగింది. తొమ్మిదేళ్లలో కోడలి విషయంలో ఆమె ఆగడం అదొక్కటే. పన్నెండు దినాలు. ఆ పన్నెండు దినాలూ యాదవ్వ గోడ మీది బొగ్గు గీతలను అత్త కంటే శ్రద్ధగా లెక్కబెట్టుకుంది.

ఆ పొద్దున ఖమర్బీ వాకిలి నిండిపోయింది. వీరయ్యకు మంచం వేశారు. కుల్చారం తమ్ముడు ఎర్రంచు చీర మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఐలవ్వ గోడవైపు తిరిగి గోళ్లు కొరుక్కుంటూ ఉంది, పాపం దాని తప్పేముంది. రాంచందర్ అందరికంటే వెనక, తువ్వాల మెడకేసుకుని నేల చూస్తున్నాడు. ఖమర్బీ యాదవ్వ ముఖం చూసింది, కంటి కింద నలుపు చూసింది, గోలెం మూత తీసింది.

"ఎవరు తీస్కొచ్చిండ్రు ఈ పిల్లను?" అని అడిగింది, అడగడం ఆనవాయితీ.

"నేనే" అంది ఆగమ్మ, నలుగురికీ వినబడేట్టు.

యాదవ్వ దోసిలి ముంచి నీళ్లు పట్టుకుంది. వేళ్ల సందుల నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కే గోలెంలో పడ్డాయి. కప్ప కదల్లేదు. వీరయ్య చుట్ట ఆరిపోయింది. తమ్ముడు చీర మూట ముడి మీద చెయ్యి వేశాడు. యాదవ్వ లెక్క తప్పిందా? ఇంకో రెండు దినాలు ఆగవలసిందా?

అప్పుడు కప్ప పలికింది.

గోలెం అంచు దాటి, గోడ దాటి వీధిలోకి వినబడింది. "ఓయమ్మా" అని ఎవరో అరిచారు. రాంచందర్ తల ఎత్తాడు. ఆగమ్మ నోరు తెరిచింది, ఏదో అనబోయింది.

కప్ప మళ్లీ పలికింది.

ఒక మనిషికి ఒకసారే, అంతకుమించి అది పలకగా విన్నవాళ్లు ఆ వాడలో లేరు. ఖమర్బీ గోలెం మీదికి వంగింది. కప్ప గొంతు ఉబ్బింది, మూడోసారి కూడా పలికి, అడుక్కి మునిగిపోయింది.

"కవలలా, ముగ్గురా?" అన్నాడు వీరయ్య.

ఖమర్బీ యాదవ్వ తడి చేతులను తన కొంగుతో తుడిచింది.

"ఒక్కటే వీరయ్యా. గిది ఇప్పటిది. ఆ రెండు, ఇంతకు ముందు పోయిన కడుపులయి, దానికి ఇననియ్యకుండ తీస్కొచ్చినయి. అప్పుడు బాకీ ఉండె, ఇప్పుడు చెప్పింది." ఆమె ఆగమ్మవైపు తిరిగింది. "నేను రెండుసార్లు చెప్పిన. నువ్వు ఇన్నవు ఆగమ్మా. ఇనలేదని అల్లా మీద ఒట్టేసి చెప్పలేను."

ఆగమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరూ ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు ఎదురు తిట్టడం వచ్చు. అందరూ ఊరికే చూశారు. కుల్చారం తమ్ముడు చీర మూట చంకన పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని, అక్కకు మాట కూడా చెప్పకుండా బస్సుకు పోయాడు.

"కట్టు తెలుసు గద" అన్నాడు వీరయ్య లేచి. "తీస్కొచ్చినోళ్లే నీళ్లు మొయ్యాలె. కాన్పయ్యేదాక."

దారిలో రాంచందర్ పక్కకు వచ్చాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. "నాకన్న చెప్పకపోతివి" అన్నాడు.

"చెప్తె మీ అమ్మకు చెప్పకుంట ఉంటుంటివా?"

ఆ సాయంత్రం అతను పెద్ద బిందె చిల్లుకు మాట్లు వేయించి తెచ్చాడు.

మరునాడు పొద్దున ఆగమ్మ ఆ బిందె నెత్తిన పెట్టుకుని బావికి పోయింది. వాడ ఆడవాళ్లంతా బీడీల చాటలు ఒళ్లో పెట్టుకుని చూస్తుండగా పోయింది, చూస్తుండగా వచ్చింది. యాదవ్వ బిందె అందుకోలేదు. పెరట్లోకి నడిచి, మూలన ఉన్న మొదటి రాయి చూపించింది.

"గీడ పొయ్యి అత్తా."

"నీళ్లు మట్టిల పోస్తవా? పిచ్చి లేసిందా?"

"పొయ్యి."

ఆగమ్మ పోసింది. రెండో బిందె రెండో రాయి మీద పోయించింది. మూడో బిందె వంటింట్లో పెట్టించింది. రోజూ అంతే. మూడు బిందెలు తెస్తే ఒకటి ఇంట్లోకి. మొదట్లో ఆగమ్మ గొణిగింది, బతుకమ్మ పండుగ నాటికి ఏడ్చింది, తరువాత మాట మానేసింది. ఆమె మెడ వంగిపోయింది. వాడలో ఎవరూ జాలి పడలేదని చెప్పను, కానీ బిందెకు చెయ్యి వేయడానికి ఎవరూ రాలేదు. యాదవ్వ తంబాకు ముట్టడం మానేసి, ఉత్త ఆకు కత్తిరించి పొరుగువాళ్లకిచ్చేది. రోజూ అరుగు మీద కూర్చుని, బిందె వచ్చే చప్పుడు వింటూ, కడుపు మీద చెయ్యి పెట్టుకునేది. ఆ చప్పుడు ఆమెకు ఎంత తియ్యగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

పుష్యమాసంలో, మంచు ఇంకా విడవని ఒక పొద్దున, ఆగమ్మ నిండు బిందెతో వచ్చి ఎవరూ చెప్పకుండానే నేరుగా పెరట్లోకి పోయింది. యాదవ్వ తలుపు సందు నుంచి చూసింది. ముసలామె మొదటి రాయి ముందు కూలబడి, గుమ్మరించకుండా, దోసిలితో కొంచెం కొంచెంగా నీళ్లు పోసింది, పసిపిల్లకు పోసినట్టు. మళ్లీ బావికి పోయి వచ్చి రెండోదాని మీదా అట్లాగే పోసింది. పెదవులు ఏదో అంటున్నాయి. మూడో బిందె తెచ్చి వంటింట్లో దించి, కోడలి ముందు నిలబడింది. ఒక్క మాట కోసం.

చాలు అంటే చాలు. ఆ మాట యాదవ్వ నాలుక చివరి దాకా వచ్చింది. లోపల బిడ్డ తన్నింది.

యాదవ్వ ఖాళీ చెంబును బిందె పక్కన పెట్టి, అత్త ముఖంలోకి సూటిగా చూసింది.

"రేపు జర పెందలాడె పో అత్తా" అంది. "పొద్దెక్కితే బావి కాడ మంది ఎక్కువైతరు."