తడి సున్నం

కాగితం మీద పటం గీసేవాడిది సుఖమైన బతుకు. తప్పు పడితే పైన ఇంకో పూత వేస్తాడు. నాది గాజు పని. గాజుకు వెనకవైపు గీస్తే ముందువైపు నుంచి చూస్తారు. అందుకని మొదట మొహం, తర్వాత జుట్టు, చీర, అన్నిటికీ ఆఖరున వెనకున్న ఆకాశం. ఆకాశం పూశాక మొహాన్ని దిద్దడం ఎవరి తరమూ కాదు.

అరవై ఒకటిలో ఇందుకూరుపేటలో రెడ్డిగారు కొత్త మేడ కట్టించి, హాలు గోడలో బిగించడానికి ఆరు గాజు పటాలు చెప్పారు. అయిదింటిలో నెమళ్లు, తీగలు. ఆరోదాంట్లో తామరకొలను పక్కన ఒక ఆడపిల్ల. ఆ ఏడే మా కూతురు పేరమ్మ విషజ్వరంతో పోయింది. పన్నెండేళ్లది. దానికి ఒక్క ఫోటో కూడా తీయించలేదు నేను. ఊళ్లో అందరి గోడలకూ బొమ్మలు వేసిన పెద్దమనిషిని. ఎవరికీ చెప్పకుండా ఆ ఆడపిల్లకు మా పేరమ్మ మొహం పెట్టాను.

ఆ మొహం ఒక పట్టాన కుదరలేదు. వేశాను, తుడిచాను, నాలుగు నెలలు. తక్కిన అయిదూ ఎప్పుడో ఆరిపోయాయి. ఇది పూర్తయ్యేసరికి గృహప్రవేశానికి పదకొండు రోజులే ఉన్నాయి. రంగు నలభై రోజులు ఆరాలి. వెనక టేకు పలక పెట్టాలి, పలకకూ గోడకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. మా నాయన నేర్పిన మొదటి పాఠమే అది. అన్నీ తెలిసే, పలక లేకుండా, తడి సున్నం మీదే అద్దేశాను. ఆ రోజుకు బిడ్డ ఆ గోడలో ఉండాలి, అంతే. అంతకు మించి బుర్ర పనిచేయలేదు.

నా భార్య నాగులమ్మ వారం వారం ఆ ఇంటికి ఎండుచేపలు తీసుకెళ్లేది. గడప దాటేది కాదు. నేను చెప్పకపోయినా పోల్చుకుని, అక్కడినుంచే బిడ్డను చూసి వచ్చేది. ఆ రోజు అన్నం సరిగా తినేది.

రెండేళ్లకు ఒకరోజు బుట్ట దించకుండానే చెప్పింది. "బిడ్డ బుగ్గ మీద తెల్లంగా ఏందో లేచిందయ్యా."

అది సున్నంలోంచి ఊరిన ఉప్పు. నేను చేసిందే.

తర్వాతి నెలలో కామాక్షమ్మగారు కబురంపారు. రెడ్డిగారి భార్య. మంచి మనిషి. "పిల్లకు బొల్లి వచ్చినట్టుందని చుట్టాలు నవ్వతా ఉండారు చెంగయ్యా. అది తీసేసి ఇంకోటి పెట్టు. మొగం ఎవరిదైనా సరే," అన్నారు.

నాగులమ్మ కూడా నా వెంట వచ్చింది. సామాన్లన్నీ పక్కకు జరిపి ఉన్నాయి, హాల్లో ఎవరూ లేరు. మొదటిసారి గడప దాటింది. నేను అంచుల్లో ఉలి పెట్టి గాజును మెల్లగా లాగాను. గాజు ఒట్టిదే చేతికి వచ్చింది. రంగంతా సున్నానికి అంటుకుపోయి గోడ మీదే ఉంది. పేరమ్మ మొహం, పైన గాజు లేకుండా, మా ఎదురుగా.

అది పొడి. ఊపిరి తగిలినా రాలేలా ఉంది. నాగులమ్మ చెయ్యి చాచింది. వద్దనాలని నోరు తెరిచాను. రెండేళ్లు గడప దగ్గర నిలబడ్డదాన్ని ఏ మొహంతో ఆపను? దాని బుగ్గ నిమిరింది, తల దువ్వేముందు నిమిరేది చూడండి, అలాగే. మొహమంతా అరచేతిలోకి వచ్చేసింది. గోడ మీద తెల్లటి సున్నం మిగిలింది.

"నేనే చెరిపేసినానా?" అంది.

"కాదు, నేను," అన్నాను. వినలేదు.

గుప్పిట మూసుకుని ఇల్లు చేరింది. మూడు రోజులు ఆ చేత్తో అన్నం కలపలేదు. ఎడమచేత్తో నీళ్లు మాత్రం తాగింది. బతిమాలాను, కసిరాను. నాలుగో రోజు కళ్లు తేలేస్తుంటే, ఒక్కొక్క వేలే విప్పి, చెంబుతో నీళ్లు పోసి, ఆ చెయ్యి నేనే కడిగాను.