రెండిళ్ళ పెట్టెలు

"పాస్‌పోర్టు నా దగ్గరెక్కడుంది శ్రావ్యా? తెలంగాణోళ్ళ ఇంట్లో ఉంది. వెళ్ళి వాళ్ళనడుక్కో" అన్నాడు కాంట్రాక్టర్ వాసుదేవరావు, షెడ్డులో అందరూ వింటుండగా, నవ్వుతూ.

శ్రావ్య తల్లి కాకినాడ ఆసుపత్రిలో ఆఖరి ఘడియల్లో ఉంది. పక్కనే కాలీఫ్లవర్ ఆకులు కోస్తున్న సరోజ్ చేతిలో కత్తి ఆగిపోయింది. ఫిజీలో పుట్టిన తెలుగు మనిషి ఆమె, కన్నతల్లిని అక్కడే వదిలి ఆస్ట్రేలియా వచ్చింది. మళ్ళీ వెళ్ళేసరికి బూడిద కూడా మిగల్లేదు. ఆ పిల్ల ముఖం చూడలేక తల దించుకుంది.

వాసుదేవరావు అబద్ధమాడలేదు. మెల్‌బోర్న్ పక్కన వెర్రిబీ కూరగాయల తోటల్లో పనికి తెచ్చిన ముప్పై మందినీ రెండిళ్ళలో సర్దాడు. ఒకటి ఆంధ్రావాళ్ళకి, ఒకటి తెలంగాణవాళ్ళకి. వీళ్ళ పాస్‌పోర్టులు వాళ్ళింట్లో, వాళ్ళవి వీళ్ళింట్లో, ఇనప్పెట్టెల్లో. ఒక్కటి బయటికి పోయినా ఆ పెట్టెకి కాపలా ఉన్న ఇంట్లో అందరి వీసాలూ ఊడతాయన్నాడు. తాళంచెవులు కూడా వాళ్ళకే ఇచ్చాడు. అతను హాయిగా నిద్రపోయేవాడు. కాపలా వాళ్ళే కాసుకునేవారు.

ఆదివారం బార్బీ, మాంసం కాల్చుకుని తినే విందు, అని చెప్పి రెండిళ్ళవాళ్ళూ పార్కులో చేరారు. తిండి ఎవరూ ముట్టలేదు. తల్లి చస్తుంటే బిడ్డని ఆపుతారా, మీరు మనుషులేనా అని ఆంధ్రా ఇంటి సుబ్బు లేచాడు.

"మరి మా కిట్టు చెల్లె పెండ్లికి పోతనంటే పాస్‌పోర్టు మీరిచ్చిండ్రా?" అన్నాడు తెలంగాణ ఇంటి శ్రీపతి.



చివరికి శ్రీపతే దారి చెప్పాడు. ఈ పిల్లది ఒక్కటే ఇద్దాం, మిగతావి సారును బతిమాలి మెల్లగా అడుగుదాం అన్నాడు. చాలామంది తలలూపారు. భయపడ్డవాళ్ళకి మెల్లగా అన్న మాట చల్లగా ఉంటుంది.

సరోజ్ ఎప్పుడూ పదిమందిలో మాట్లాడి ఎరగదు. అయినా లేచి నిలబడింది.

"మా ముత్తవ్వని గిర్మిట్ కాగితం మీద, అదే కూలి ఒప్పందం మీద, ఫిజీకి ఓడెక్కించారు. చెరకు తోటలో కొరడా పట్టిన సర్దారూ మన భాషోడే. మెల్లగా వదుల్తారని చూసినోళ్ళు తోటలోనే పోయారు. ఒక్కదాన్ని వదిల్తే మిగిలినోళ్ళని ఇంకా బిగిస్తాడయ్యా. తెరిస్తే రెండు పెట్టెలూ తెరవండి."

ముందు ఎవరు తెరవాలి? అక్కడే గంట గడిచింది. పాత తిట్లన్నీ మళ్ళీ తిట్టుకున్నారు. సుబ్బు ఉన్నట్టుండి తన తాళంచెవి తీసి శ్రీపతి చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళి కూర్చున్నాడు. శ్రీపతి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత తనదీ తీశాడు.

ఆ సాయంత్రమే శ్రావ్య విమానమెక్కింది. ఆమె చేరేలోపే తల్లి కన్ను మూసింది. ఆ కబురు మంగళవారం పొద్దున షెడ్డు గేటు దగ్గరికి చేరింది. సరోజ్ ఫోనులో చదివి వినిపించింది. ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

పెట్టెలు ఖాళీ అయ్యాయని తెలిసిన వాసుదేవరావు కారు దిగి నేరుగా శ్రీపతి దగ్గరికొచ్చాడు. తప్పంతా ఆంధ్రావాళ్ళదేనని తనకి తెలుసన్నాడు. "మీ ఇంటోళ్ళు పాస్‌పోర్టులు మళ్ళీ పెట్టెలో పెట్టి పనిలోకి రాండ్రి. పోయేది వాళ్ళ వీసాలే."

"ఏ ఇల్లు సార్?" అన్నాడు శ్రీపతి. "నిన్నటి సంది అందరం కలిసే పంటున్నం."

వాసుదేవరావు ఫోను తీసి ఇమిగ్రేషన్ వాళ్ళకి చేశాడు. పేర్లు చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు సుబ్బుది. సుబ్బు ముందుకొచ్చేలోపే శ్రీపతి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. అటువైపు కిట్టు పట్టుకున్నాడు. ఇమిగ్రేషన్ వ్యాను వచ్చేసరికి గేటుకి అడ్డంగా ఒకే వరుస ఉంది. దాని కొసన సరోజ్ ఉంది.