అల్లుడికి ఈత

పొద్దున్నే మా వీధిలో గేట్ల మీద తువ్వాళ్లు ఆరేస్తారు. ఎవరి గేటు మీద ఎన్ని ఉన్నాయో చూస్తే చాలు, ఆ ఇంట్లో నిన్న ఫోన్ ఎంతసేపు చూశారో తెలిసిపోతుంది. ఫోన్‌లో మునిగినవాళ్లు తడుస్తారు కదా. పావుగంట చూస్తే చీలమండల దాకా, గంట చూస్తే మోకాళ్ల దాకా, ఆ పైన నడుము, ఛాతీ, మెడ. నీళ్లు ఎవరికీ కనిపించవు. తడి మాత్రం కనిపిస్తుంది.

ఫోన్ల వల్ల పిల్లలు పాడైపోతున్నారని రోజూ వీధి మలుపులో నిలబడి చెప్పే రిటైర్డు మాస్టారు ఎప్పుడూ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచే ఉంటారు. గాలి కోసం అంటారు. మేమూ గాలి కోసమే అంటాం. ఫోన్‌ని మనస్ఫూర్తిగా పొగిడేది ఇస్త్రీ దుకాణం బాబాయి ఒక్కడే. దాని పుణ్యాన ఆయన రెండో పెట్టె కొన్నాడు.

వీళ్లందరిలోనూ లోతు ఎక్కువ చూసినవాడు బైండింగు అల్లుడు. అందరికీ ఆయన అల్లుడే, ఎందుకంటే ఆయన అత్తగారు ఈ వీధికి బాగా పాత మనిషి. ఊరి ఈతకొలనులో ముప్పై ఏళ్లు ఈత నేర్పింది. మాస్టారికీ ఆవిడే నేర్పింది. తుంపర పడితే ఆయన ముక్కు మూసుకునేవారని ఇప్పటికీ చెబుతుంది, ఆయన వింటున్నప్పుడే.

అల్లుడు పుస్తకాలకు అట్టలు వేస్తాడు. ఆ పనిలో మాత్రం వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు, చాలా వెతికాను. ఆయన కుట్టిన పుస్తకం ఏ పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెడితే ఆ పేజీ దగ్గరే ఉంటుంది. దారానికి మైనం పట్టించడం, మడతల్ని చెక్క పలకతో నొక్కడం, సూది ఎక్కడ దిగాలో వేలితోనే తెలుసుకోవడం, అన్నీ నిదానంగా, పాపాయికి చొక్కా తొడిగినట్టు చేస్తాడు.

ఫోన్ ఆయన సరదాకి కొనలేదు. పని చెప్పేవాళ్లు దాంట్లోనే చెబుతున్నారని కొన్నాడు. తర్వాత ఎక్కడో ఎవరో పుస్తకాలు కుడుతున్న వీడియో ఒకటి కంటపడింది. దాని వెనక ఇంకొకటి. అప్పటి నుంచి ఆయన తన పుస్తకాలు పక్కన పెట్టి, పక్కవాళ్లు పుస్తకాలు కుట్టడం చూడటం మొదలుపెట్టాడు. భార్య బస్టాండులో టికెట్ల కౌంటరులో పనిచేస్తుంది. ఎవరైనా ఆయన కోసం ఫోన్ చేస్తే, "నడుము దాకా ఉన్నారండీ, మధ్యాహ్నానికి తేలతారు" అని చెప్పి తన పని తాను చూసుకునేది.

కాగితం పనివాడికి తడి ఎంత మంచిదో వేరే చెప్పాలా? స్కూలువాళ్ల పటాల పుస్తకం ఆయన చేతుల్లోనే ఉబ్బిపోయింది. రెండు దేశాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆ తర్వాత స్కూలు పని అవతలి వీధిలో యంత్రం పెట్టినవాళ్లకి వెళ్లిపోయింది.

అత్తగారు ఇదంతా చూస్తూనే ఉంది. కానీ అల్లుణ్ణి ఏమని అంటుంది? వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు సూటిగా మాట్లాడుకుని ఎరగరు. మధ్యలో కూతురుండేది. కూతురు డ్యూటీకి వెళ్తే గోడ గడియారం ఉండేది.

"అల్లుడు గారు భోజనానికి వస్తారేమో," అనేది ఆవిడ గడియారంతో.

"అత్తయ్య గారిని ముందు తినమను," అనేవాడు ఆయన, అదే గడియారంతో.

"అల్లుడు గారి చొక్కా జేబు దాకా తడిసినట్టుంది."

గడియారం పెద్దమనిషి. ఒకరి మాట ఇంకొకరికి ఎప్పుడూ మార్చి చెప్పలేదు.

ఒక గురువారం పురుడు పోసే నర్సమ్మ గుడ్డలో చుట్టిన రిజిస్టరు ఒకటి పట్టుకొచ్చింది. నలభై ఏళ్లలో ఊళ్లో పుట్టినవాళ్లందరూ అందులో ఉన్నారు. తేదీ, తల్లి పేరు, బరువు, పక్కన ఒక ముక్క వివరం, అంతా ఆవిడ చేత్తో సిరాతో రాసిందే. ఇంకో ప్రతి లేదు. కుట్లు ఊడి కాగితాలు జారిపోతున్నాయి. సోమవారం ఆఫీసువాళ్లు వచ్చి అదంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తారట.

నర్సమ్మ రిజిస్టరు ఇస్తూ అల్లుడి చొక్కా చేతుల అంచులు పట్టుకుని చూసింది. తడిగా ఉన్నాయి.

"ఇది పాత సిరా నాయనా. చుక్క పడితే కరిగిపోతుంది. ఇది తడిసిందంటే ఊళ్లో సగం మంది పుట్టనట్టే."

"తడవనివ్వను నర్సమ్మ గారూ."

"పటాల పుస్తకం సంగతి విన్నాను. యంత్రం వాళ్లకి ఇవ్వమని అందరూ అన్నారు. వాళ్లు అంచులు కోసేస్తారు, అంచుల్లో కూడా నేను రాశాను, అందుకని నీ దగ్గరికి వచ్చాను. ఈ పని చెడితే ఇంకెవరూ నీ గుమ్మం తొక్కరు, చెబుతున్నా."

ఆమె కోపంతో చెప్పలేదు. అందుకే ఆయన ముఖం పాలిపోయింది.

గురువారం, శుక్రవారం ఆయన ఫోన్ ముట్టలేదు. పాత దారాలు తీశాడు, చిరిగిన మడతలకు పల్చటి కాగితం అతికించాడు. నాకే నమ్మబుద్ధి కాలేదు. శనివారం మధ్యాహ్నం కాగితాలన్నీ బల్ల మీద వరసగా పేర్చి, అంత లావు పుస్తకానికి వీపు ఎలా కుడితే బాగుంటుందో ఒక్కసారి చూద్దామని ఫోన్ తీశాడు. ఒక్కసారే.

గంట తర్వాత అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసింది. అల్లుడు కుర్చీలో మెడ దాకా తడిసి ఉన్నాడు. ఆవిడ గడియారం వైపు తిరిగి, "అల్లుడు గారు టీ తాగుతారేమో," అంది.

అల్లుడు "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ బుడగలుగా వచ్చింది.

మెడ దాటినవాణ్ణి మా వీధిలో అంతవరకూ ఎవరూ చూడలేదు. చూస్తుండగానే గడ్డం తడిసింది, చెవులు తడిశాయి, జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. జుట్టు కొసల నుంచి బల్ల మీద చుక్కలు పడుతున్నాయి.

ఆవిడ ముందు రిజిస్టరు కాగితాలు తీసి బీరువా మీద పెట్టింది. అల్లుడు ఇంకో అర నిమిషం ఆగగలడని ముప్పై ఏళ్ల అనుభవంతో ఆవిడకు తెలుసు. కాగితం అంతసేపు ఆగలేదు. తర్వాత కొలను రోజుల నుంచి మెడలోనే ఉన్న పాత ఈల ఊదింది. వీధంతా ఉలిక్కిపడింది, మాస్టారు అలవాటు కొద్దీ ముక్కు మూసుకున్నారు. అల్లుడిలో చలనం లేదు.

అప్పుడు ఆవిడ జాకెట్టు చేతులు పైకి మడిచి, వెనక నుంచి వచ్చి, ఒక చెయ్యి అల్లుడి గడ్డం కింద వేసి, రెండో చేత్తో జుట్టు పట్టుకుని, కొలనులో ఎంతమందిని లాగిందో అలాగే లాగింది. ఫోన్ కింద పడింది. ఆయన కుర్చీతో సహా వెనక్కి వచ్చి, దగ్గి, గుక్కెడు నీళ్లు కక్కాడు.

"ఊపిరి పీల్చు. పీల్చరా!"

ఆ "రా" గదిలో అలాగే నిలబడిపోయింది. పెళ్లి నాటి నుంచి నిలిచిన పదకొండేళ్ల మర్యాద దాంతో పోయింది. ఇద్దరూ గడియారం వైపు చూశారు. అది ఏమీ అనలేదు.

ఒకసారి నోట్లోంచి వచ్చింది కదా, ఇంక వెనక్కి తీసుకుని ఏం లాభం అనుకుందో ఏమో, ఆవిడ అదే గొంతుతో అంది: "రేపు పొద్దున ఆరింటికి రా. తువ్వాలు తెచ్చుకో."

ఆదివారం ఆరింటికి అల్లుడు తువ్వాలు భుజాన వేసుకుని తన గదికే తాను వచ్చాడు.

"ఫోన్ అమ్మేస్తాను అత్తయ్య గారూ," అన్నాడు.

"ఎందుకు? నీళ్లు చెడ్డవని నేనెప్పుడైనా అన్నానా? వాటి మీదే బతికాను. నీకు దిగడం వచ్చు, రావడం రాదు. అంతే."

"మీరు దిగరా మరి?"

"రోజూ దిగుతాను. మా చెల్లెలితో మాట్లాడతాను. ఎప్పుడైనా నా తువ్వాలు గేటు మీద చూశావా?"

చూడలేదు. నేనూ చూడలేదు.

ఆవిడ పాఠం పెద్దదేమీ కాదు. కూర్చుని దిగకు, నిలబడి దిగు, కాళ్లు నొప్పి పుట్టి అవే నిన్ను బయటికి తెస్తాయి అంది. దిగే ముందు దేనికి దిగుతున్నావో పైకి చెప్పు, చెప్పడానికి మాట దొరక్కపోతే దిగక్కర్లేదు అంది.

"ఎవరికి చెప్పాలి?"

"నాకు. నేను లేకపోతే గడియారానికి. వినడం దానికి అలవాటే." ఆవిడ కాస్త ఆలోచించింది. "ఇంకో మాట. చాలు అనిపించేదాకా ఉండకు. అలా ఎప్పటికీ అనిపించదు. ఇంకాసేపు ఉండాలని ఉన్నప్పుడే పైకి రావాలి. అదొక్కటే కష్టం, మిగతావన్నీ పిల్లలు కూడా చేస్తారు."

అల్లుడు మిగిలిన అట్టగుడ్డ ముక్కతో ఫోన్‌కి చిన్న సంచి కుట్టాడు. మూతికి మైనం దారంతో మూడు ముళ్లు వేశాడు. ఫోన్ తియ్యాలంటే మూడూ విప్పాలి. విప్పేలోపు మనిషికి బుద్ధి తిరిగి రావడానికి సరిపడా సమయం ఉంటుంది. సంచిని గుమ్మం పక్క మేకుకి తగిలించి కుట్టుకి కూర్చున్నాడు.

ఆ రోజు మూడుసార్లు లేచాడు. మొదటిసారి, "నర్సమ్మ గారికి అట్ట రంగు ఏది కావాలో అడగడానికి," అని చెప్పి ముళ్లు విప్పాడు. అడిగాడు, వచ్చాడు. పాదాలు కూడా తడవలేదు. రెండోసారి మేకు దాకా వెళ్లి, నోరు తెరిచి, చెప్పడానికి ఏమీ దొరక్క వెనక్కి వచ్చాడు. మూడోసారి, "వీపు కుట్టు చూడటానికి," అన్నాడు.

అది నిజమైన పనే. శనివారం ముంచింది కూడా అదే పని. అత్తగారు వంటింటి గుమ్మంలో ఈల నోట్లో పెట్టుకుని నిలబడింది. చీలమండలు తడిశాయి. పిక్కలు తడిశాయి. మోకాళ్ల దగ్గర ప్యాంటు రంగు మారింది. ఒక వీడియో అయింది, దాని వెనకాలే ఇంకొకటి మొదలైంది. ఆయన బొటనవేలు ఫోన్ అద్దం మీద ఆగింది. ఎంతసేపు ఆగిందో చెప్పలేను, గడియారం కూడా ఊపిరి బిగబట్టినట్టుంది.

ఆయన పెద్ద శ్వాస తీసుకుని ఫోన్ సంచిలో పెట్టి, మూడు ముళ్లు వేసి, మోకాళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ ఈల నోట్లోంచి తీసింది. ఊదలేదు. జీవితంలో ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా తీసింది ఆ ఒక్కసారే.

ఎంతమంది మీద ఎన్ని మాటలు అన్నానో లెక్కలేదు గానీ, ఆ మనిషి ఆ మోకాళ్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చిన తీరు మీద నేను ఒక్క మాట కూడా అనలేను.

ఇక కుడుతూ ఉండగా ముప్పై ఆరేళ్ల కిందటి కాగితం ఒకటి చేతికొచ్చింది. మధ్యలో పప్పుగింజంత మచ్చ. శనివారం ఆయన జుట్టు నుంచి పడ్డ చుక్క. ఏ తల్లి బిడ్డని చెరిపేశానో అని వరస చదివితే, అక్కడున్నది ఆయన తల్లి పేరే.

సోమవారం నర్సమ్మ వచ్చింది. రిజిస్టరు తెరిచింది, తెరిచిన చోటే ఉంది. అరచేత్తో కాగితాలు నిమిరి చూసింది. పొడిగా ఉన్నాయి. అల్లుడు తానే ఆ పేజీ తీసి చూపించాడు.

"ఇక్కడ ఒక చుక్క పడింది నర్సమ్మ గారూ. తప్పు నాదే."

నర్సమ్మ ముఖం గట్టిపడింది. కళ్లజోడు పెట్టుకుని మచ్చ దగ్గరికి వంగింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి అల్లుణ్ణి అంతకంటే ఎక్కువసేపు చూసింది.

"నాకు గుర్తే. నీలంగా పుట్టావు. ఎంతకీ ఏడవలేదు, వీపు మీద కొట్టాల్సి వచ్చింది. 'ఆలస్యంగా ఊపిరి తీసుకున్నాడు' అని రాశాను." మచ్చ మీద వేలు పెట్టింది. "ఆ మొదటి మాట పోయింది."

"మళ్లీ రాస్తారా?" అంది అత్తగారు.

నర్సమ్మ కలం తీసింది. మూత విప్పింది. అల్లుడి పొడి చొక్కా చేతుల్ని చూసింది. మళ్లీ మూత పెట్టింది.

"ఉన్నది అబద్ధం కాదుగా," అంది.

మధ్యాహ్నం ఆఫీసువాళ్లు వచ్చి ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించుకున్నారు. తేదీ, తల్లి పేరు, బరువు. ఊపిరి తీసుకున్నాడు.

ఇంట్లో అత్తగారు అన్నం వడ్డించి, "ఒరేయ్, రా, చల్లారిపోతుంది," అని కేకేసింది. "వస్తున్నా అత్తయ్యా," అన్నాడు అల్లుడు. గడియారం అప్పటి నుంచి టైము చెప్పుకుంటూ బతుకుతోంది.