హాజీ మెత్వల్లీ నొక్కని చెయ్యి

అలెగ్జాండ్రియాలో ఆ ఐసీయూ కిటికీలోంచి సముద్రం కనపడుతుంది గానీ, డాక్టర్ అబ్దుల్ మొహ్సిన్‌కి అటు చూసే తీరికెక్కడిది? జబ్బు తీవ్రతలో రోగి మతి చెదిరిందా లేదా అని చిటికెలో తేల్చే ఇంగ్లీషు పరీక్ష ఒకటుంటే, దాన్ని తమ వాడుక అరబ్బీలోకి మార్చింది అతనే. అది నమ్మదగ్గదని రుజువైతే దేశంలోని ఐసీయూలన్నీ వాడతాయి! ఆ ఊహకే అతని కాళ్ళు నేల మీద నిలిచేవి కావు.

ముందు అతను పరీక్ష పెడతాడు. కాసేపటికి మానసిక వైద్యురాలు నెవీన్ వచ్చి, అతనేం రాశాడో తెలుసుకోకుండా, తన పద్ధతిలో రోగిని చూస్తుంది. ఇద్దరి మాటా కలవాలి. ఆవిడకి ఓపీ అయ్యాకే తీరిక. అందుకని అతను రోజూ సరిగ్గా మధ్యాహ్నం అజాన్ ముగుస్తుండగా మంచాల మధ్య పరుగులు పెట్టేవాడు.

గొంతులో గొట్టంతో ఉన్న హాజీ మెత్వల్లీ దగ్గరైతే ఒక్కరోజూ మాట కలవలేదు.

"తాతా, అక్షరాలు చదువుతా. అలిఫ్ అన్నప్పుడల్లా నా చెయ్యి నొక్కు, సరేనా?"

ముసలాయన నొక్కలేదు. కళ్ళు మూస్తాడు, తెరుస్తాడు, వేళ్ళు కదుపుతాడు. అంతకుముందే రెండు అరచేతులూ గోడకి తట్టి మొహం మీదికి తెచ్చుకోబోయాడు. గొట్టం పీకేస్తున్నాడని హడలిపోయి, అబ్దుల్ మొహ్సిన్ ఆ చేతులు మంచానికి కట్టించాడు. మతి చెదిరిందని రాసేశాడు.

"ఈయన మతి నిక్షేపంలా ఉందయ్యా," అంది నెవీన్.

"మతి ఘడియకోలా మారుతుంది మేడమ్. నేను చూసినప్పుడు లేదు."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అతని మాట మీదే మత్తుమందు మోతాదు పెరిగింది, గొట్టం తీయడం వెనక్కి పోయింది.

"మా నాన్న ఇక నన్ను గుర్తుపట్టడా?" అని కూతురు సమీహా ఏడిస్తే, "అల్లా మీద భారం వెయ్యమ్మా," అన్నాడు.

చివరికి గొట్టం తీశారు. ఆ సాయంత్రం అతను ఉత్సాహంగా వచ్చి, పరీక్షలోని ఇంకో ప్రశ్న వేశాడు.

"తాతా, సముద్రంలో చేపలుంటాయా?"

"ఎవర్నడుగుతున్నావురా?" గొంతు గరగరలాడింది. "జన్మంతా అన్‌ఫూషీ రేవులో చేపల వేలం పాడినోణ్ణి, నన్నా?"

సమీహా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేసింది.

"మరి అప్పుడు చెయ్యెందుకు నొక్కలేదు?"

"నమాజులో ఉండి నీ చెయ్యెట్టా నొక్కేది? అజాన్ అవ్వగానే ఊడిపడతావు. నమాజుకి ముందు కడుక్కోను నీళ్ళు లేవు గదాని గోడ తట్టి, ఆ దుమ్ముతో మొహం తుడుచుకోబోతే కట్టేయించావు. పోన్లే అని కళ్ళతోనే వంగాను, కళ్ళతోనే నేలకి నుదురాన్చి సజ్దా చేశాను. నువ్వేమో చెవిలో అలిఫ్, అలిఫ్ అని నాకన్నా గట్టిగా వేలం!"

"నాన్నా, ఊరుకో," అంది సమీహా.

"ఉండవే. పాపం క్రైస్తవుల పిల్లాడేమో, వీడికేం తెలుసులే అని సర్దుకున్నా. ఆనక నర్సు 'డాక్టర్ అబ్దుల్ మొహ్సిన్' అని పిలిచింది." ముసలాయన తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. "అప్పుడొచ్చింది నాయనా ఏడుపు."

ఆ మణికట్ల మీద పట్టీల గాట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. అబ్దుల్ మొహ్సిన్‌కి వాళ్ళ నానమ్మ గుర్తొచ్చింది. మంచం పట్టాక ఆవిడా అలాగే కళ్ళతో నమాజు చేసేది. నమాజు చివర ఆవిడ అటూ ఇటూ సలాం తిప్పేదాకా, చిన్నప్పుడు తను మిఠాయి కూడా అడక్కుండా పక్కన కూర్చునేవాడు. అంతా తెలిసినవాడు! చొక్కా మీద పేరు రాసున్న బిళ్ళని అరచేత్తో కప్పుకుని బయటికొచ్చేశాడు.

"మధ్యాహ్నం చూసినవి లెక్కలోంచి తీసెయ్," అంది నెవీన్, జరిగింది విని.

"అన్నీ మధ్యాహ్నమే చూశాను మేడమ్."

ఆవిడ అతని మొహం చూసింది. "సరే, మళ్ళీ మొదట్నించి," అంది.

మర్నాడు అజాన్ అవుతుండగా, తను కట్టించిన ఇంకో ముసలాయన దగ్గరికి వెళ్ళాడు. పక్కనే నిలబడి కట్లు విప్పాడు. ఆ చేతులు మెల్లగా గోడని తట్టాయి. అబ్దుల్ మొహ్సిన్ ఏదో చెప్పబోయాడు.

"ఆగరా!" అవతలి మంచం మీంచి గరగర గొంతు. "ఇంకా మొదలే పెట్టలేదు."

అబ్దుల్ మొహ్సిన్ చేతులు కట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. వార్డంతా తననే చూస్తున్నట్టుంది.

"ఊఁ, సలాం తిప్పాడు. ఇప్పుడడుగు," అంది ఆ గొంతు.

అతను వంగి ఆ ముసలాయన చేతిని తన చేతిలోకి తీసుకుని, "తాతా, అక్షరాలు చదువుతా," అన్నాడు.