సూదుల హెడ్డూ, పది గడియారాలూ

మా కొనుగోలు ఆఫీసులో నన్ను వెనకాల మూటాయన అంటారు. ముందు కూడా అంటారు, కాకపోతే కాస్త నవ్వుతూ అంటారు. పేరు ఊరికే రాలేదు. స్కూళ్లూ, ఆశ్రమాలూ, హాస్టళ్లూ తమకు కావాల్సినవి కంప్యూటర్లో అడుగుతాయి, ఒక్కో సరుక్కీ ఒక్కో వరుస. వాళ్ల పెద్దలూ మా పెద్దలూ ఒకరి తర్వాత ఒకరు సరేనంటే ఆ వరుస పచ్చరంగులోకి మారి నా తెర మీదికి వస్తుంది. దాన్ని ఆర్డరుగా మార్చి కంపెనీకి పంపడం నా పని. మిగతా గుమాస్తాలు దేనికది ఒక ఆర్డరు చేసి చేతులు దులుపుకుంటారు. నేనలా చేయను. ఒకే కంపెనీకి వెళ్లేవన్నీ ఏరి, పక్క గళ్లలో టిక్కులు పెట్టి, ఒక్క ఆర్డరుగా మూట కడతాను. కింద 'అన్నీ ఒకేసారి పంపాలి' అనే గడిలోనూ టిక్కు పెడతాను. ఒక్కో ముక్కా ఒక్కో రోజు వస్తే స్టోరు కీపరు నా ప్రాణం తీస్తాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి. నా లిస్టు అద్దంలా ఉంటుందని మా ఆఫీసరు మేడమ్ మీటింగుల్లో నాలుగుసార్లు చెప్పింది. ఆ నాలుగు తేదీలూ నాకు గుర్తున్నాయి. అంతకుమించి గుర్తుపెట్టుకోవడానికి నా ఉద్యోగంలో ఏమీ జరగలేదు.

మా అక్కకు ఒక్కతే కూతురు. పుట్టుకతోనే చూపు లేదు. ఇంట్లో అందరం పిట్ట అంటాం. ఇరవై తొమ్మిదేళ్లొచ్చినా ఇంకా పిట్టే. అంధుల స్కూల్లో మధ్యాహ్నాలు టైపు నేర్పుతుంది. నేను ఫోన్లో ఒక మాట పూర్తిచేసేలోపు దాన్ని టైపు చేసి, అందులో నేను మింగేసిన అక్షరం కూడా చెబుతుంది. అలాంటి పిల్లకు కోర్టులో వాంగ్మూలాలు విని టైపు చేసే ఉద్యోగం కావాలి. దానికి ఏడాదికోసారి పరీక్ష. ముప్పై నిండితే రాయనివ్వరు. అంటే ఈసారే ఆఖరు.

అప్పటికి రెండుసార్లు రాసింది. రెండుసార్లూ ప్రశ్నలు చదివి వినిపించడానికి ఎవరినో కూర్చోబెట్టారు. మొదటిసారి వచ్చినాయన పట్టికలో ఒక వరుస మొత్తం మింగేశాడు. రెండోసారి వచ్చినావిడ తనకు సరైందనిపించిన జవాబు దగ్గర గొంతు పెంచి చదివింది. ఆవిడకు సరైందనిపించింది తప్పు. మూడు మార్కుల్లో ఒకసారి, నాలుగు మార్కుల్లో ఒకసారి పోయింది. పిట్ట ఏడవలేదు. ఏడాదిపాటు పరీక్షల ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, వాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, చివరికి వాళ్లను ఒప్పించింది. తన ప్రశ్నపత్రం బ్రెయిలీలో ఇస్తారు. తన వేళ్లతో తనే చదువుకుంటుంది.

ఒప్పుకున్నవాళ్లు ఒక షరతు పెట్టారు. పేపరు ఊరు దాటకూడదు, ఇక్కడి అంధుల స్కూల్లోనే ప్రింటు కావాలి. తమ ప్రింటరు పనిచేస్తోందని స్కూలు ఇరవయ్యో తేదీలోపు రాసివ్వాలి. రాసివ్వకపోతే యథాప్రకారం చదివి వినిపించే మనిషే. స్కూల్లో బ్రెయిలీ ప్రింటరు ఒక్కటే ఉంది. దాని హెడ్డు, అంటే కాగితం మీద చుక్కలు పొడిచే సూదుల ముక్క, అరిగిపోయింది. పొడిచిన చుక్కలు వేలికి తగలడం లేదు. హెడ్మిస్ట్రెస్ కొత్తది అడిగింది. ఐదుగురు సరేనడానికి ఏడు వారాలు పట్టింది. అది నా తెర మీద పచ్చబడిన రోజుకి గడువు ఇంకా ఇరవై ఆరు రోజులుంది. కంపెనీ వారంలో పంపుతుంది. దిగుల్లేదు.

ఆ వరుస కిందే ఇంకొకటి పచ్చగా ఉంది. వృద్ధాశ్రమానికి పది మాట్లాడే గడియారాలు. అదే కంపెనీ. చేయి దానంతటది వెళ్లిందని చెబితే అబద్ధం. నేను ఆలోచించే పెట్టాను టిక్కు. రెండూ కలిస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో కూడా అనుకున్నాను. పెట్టి, ఆర్డరు పంపి, పిట్టకు ఫోన్ చేశాను.

"అయిపోయిందే పిట్టా. ఆర్డరు వెళ్లిపోయింది."

"నిజంగానా మావయ్యా? నువ్వే పంపావా?"

"మరెవరు పంపుతారు."

"అయితే వచ్చేసినట్టే," అంది.

తొమ్మిదో రోజుకీ రాలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే అమ్మకాలు చూసే ఒకావిడ తీసింది. మర్యాదస్తురాలు. ఆవిడ గొంతు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"మీ హెడ్డు నా కుర్చీ పక్కనే ఉంది సార్. ప్యాక్ చేసి ఐదు రోజులైంది. గడియారాలే లేవు. అవి వస్తే రెండూ కలిపి పంపేస్తాం."

"హెడ్డు ముందు పంపేయండమ్మా."

"అన్నీ ఒకేసారి పంపాలని మీరే పెట్టారు కదా సార్. మీ వైపు ఆర్డరు మారితే తప్ప మా కంప్యూటరు గేటు చీటీ ఇవ్వదు."

"నేనే బస్సెక్కి వచ్చి పట్టుకెళ్తాను."

"మీరొచ్చినా గేటు చీటీ కావాలి సార్. పోనీ, గడియారాలు వారంలో వస్తాయంటున్నారు."

మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ తెర తన వైపు తిప్పుకుని చాలాసేపు చూసింది.

"రద్దు చేస్తే హెడ్డు మళ్లీ మొదటి మనిషి నుంచి రావాలి. పోయినసారి ఏడు వారాలు పట్టింది. నీ దగ్గర ఎన్ని రోజులున్నాయి?"

"పదిహేడు."

"అది రద్దు కాకుండా ఇంకోటి అడగడానికీ లేదు. ఒక మిషనుకు ఒక్కసారే అడగాలి. ఆర్డరు పంపాక ఆ టిక్కు తీయడం కుదరదు, సరుకు తీసేసే మార్పు పెట్టు. గడియారాలు తీసేస్తున్నామని ఆశ్రమం వాళ్లు సరే నొక్కితే చాలు." పెదవి విరిచింది. "అసలెందుకు కలిపావు?"

మీరు మెచ్చుకున్నారు కదా అందామనుకున్నాను. ఆవిడ తప్పేముంది? మెచ్చుకోవడం ఆవిడ పని. బుద్ధి నాకుండాలి.

మార్పు పెట్టాను. రెండు రోజులైనా కదల్లేదు. కంప్యూటరు సెక్షనామె చూసి చెప్పింది, అది ఆశ్రమం సూపరింటెండెంటు ఇన్‌బాక్స్ పెట్టెలోకి వెళ్లిందట. ఆ సూపరింటెండెంటు పోయిన నెల రిటైరయ్యాడు. కొత్తాయన్ని ఇంకా వేయలేదు. "వేసేదాకా అది ఆయన పెట్టెలోకే వెళ్తుంది సార్. మేం తెరవలేం," అంది. ఎప్పుడు వేస్తారని అడిగితే నా వైపు జాలిగా చూసింది.

రిటైరైన మనిషి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన లుంగీ కట్టుకుని కుండీలకు నీళ్లు పోస్తున్నాడు. సంగతంతా విని, పాపం, లోపలికి వెళ్లి కళ్లజోడు పెట్టుకొచ్చి నా ఎదురుగానే ఫోన్లో ప్రయత్నించాడు. మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పన్నది, నాలుగోసారి తలుపు మూసేసింది.

"నా పాస్‌వర్డ్ చచ్చిపోయిందండి. బతికుంటే ఒక్క నొక్కు, నాదేం పోయింది?" అన్నాడు. కాఫీ తాగి వెళ్లమన్నాడు. తాగాను. వద్దనే ఓపిక కూడా లేదు.

అక్కడి నుంచి ఆశ్రమాలు చూసే డైరెక్టరు ఆఫీసుకు వెళ్లాను, కొత్త సూపరింటెండెంటును ఎవరినైనా, ఒక్క పూటకైనా వేయమని. అక్కడ మీనమేషాలు లెక్కపెట్టారు. ఉత్తరం రాసివ్వమన్నారు. రాసిచ్చాను. ఇంకో బల్ల దగ్గర ఇవ్వమన్నారు. ఇచ్చాను. కంపెనీ గడియారాల వారం ఒకటి గడిచింది, రెండోది మొదలైంది. వారంలో వస్తాయి సార్ అని ఆవిడ అదే మర్యాదతో చెబుతూనే ఉంది. పరీక్షల ఆఫీసుకు వెళ్లి గడువు పది రోజులు పొడిగించమని అడిగాను. ఒక్కరి కోసం పొడిగిస్తే అందరూ అడుగుతారన్నారు. అందరూ అంటే ఎవరండీ, బ్రెయిలీలో రాసేది ఆ ఒక్క పిల్లే కదా అన్నాను. అందుకే కుదరదన్నారు.

పిట్ట రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. "వచ్చిందా మావయ్యా?" అనేది. కంపెనీవాళ్లు దొంగలే, ఇవాళ రేపు అంటున్నారే అని ఆ మర్యాదస్తురాలి మీదికి తోసేవాణ్ణి. పిట్ట నన్నే ఓదార్చేది. "నువ్వు మాత్రం ఏం చేస్తావు, తిండైనా సరిగ్గా తింటున్నావా," అనేది.

ఇరవయ్యో తేదీ వచ్చింది, వెళ్లింది. ప్రింటరు పనిచేయడం లేదని హెడ్మిస్ట్రెస్ ఉన్నదున్నట్టు రాసిచ్చింది.

తర్వాతి నెలలో పరీక్ష. నేనే తీసుకెళ్లి గేటు బయట కూర్చున్నాను. ఈసారి చదివినాయన మంచివాడేనట. దగ్గు ఆయన్ని చదవనివ్వలేదు. మళ్లీ చదవమంటే, టైము అయిపోతుందమ్మా, నీ మంచికే చెబుతున్నాను అన్నాడట. పద్నాలుగు ప్రశ్నలు ముట్టుకోలేదు. ఆటోలో నా పక్కన కూర్చుని వేళ్లు ఒళ్లో పెట్టుకుని, "పోయింది మావయ్యా," అంది. ఇంకో రెండు వీధులు దాటాక, "ఇంక లేదు కదా," అంది. నేను ఆటో అతన్తో దారి గురించి ఏదో మాట్లాడాను.

పది రోజులకు కంపెనీ నుంచి పెట్టెలు వచ్చాయి. హెడ్డూ వచ్చింది, పది గడియారాలూ వచ్చాయి. గడియారాలు స్టోర్లో దింపించి, హెడ్డు పెట్టె నేనే స్కూలుకు పట్టుకెళ్లాను. వెళ్లేముందు పెట్టె మీద అతికించిన కాగితం చూశాను. ప్యాక్ చేసిన తేదీ ఉంది, ఎందుకు ఆపారో కూడా రాసి ఉంది. గోటితో గీకి ఊడదీసి జేబులో పెట్టుకున్నాను. హెడ్మిస్ట్రెస్ చూడకూడదని. అప్పటికి కూడా నా భయం నాదే.

స్కూల్లో మెకానిక్ పాత హెడ్డు విప్పుతున్నాడు. పిట్ట ఆ గదిలోనే ఉంది. నా చెప్పుల చప్పుడు గుర్తుపట్టి, "వచ్చిందా?" అని నవ్వింది. "ఇటివ్వు, చూడనీ. పిల్లలకైనా పనికొస్తుంది." పెట్టె ఒళ్లో పెట్టుకుని తడిమింది. పక్కకు తిప్పింది. అక్కడ ఆమె చేయి ఆగింది.

ఆ కంపెనీ సరుకులు వాడేది చూపులేనివాళ్లు. అందుకని అచ్చు కాగితంతో పాటు బ్రెయిలీ కాగితం కూడా అతికిస్తుందట. అది తెల్లగా, ఏమీ లేనట్టుగా ఉంది. ఇరవై రెండేళ్లుగా వాళ్ల పెట్టెలు దింపించుకుంటున్నాను, ఒక్కసారీ చూడలేదు.

పిట్ట చూపుడువేలు ఎడమ నుంచి కుడికి వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చి నెమ్మదిగా ఇంకోసారి వెళ్లింది. తర్వాత పైకి చదివింది, ఎక్కడా తడబడకుండా.

"ప్యాక్ చేసింది ఇరవై ఎనిమిదో తేదీ. కొనుగోలు ఆఫీసు సూచన ప్రకారం, పది మాట్లాడే గడియారాలు వచ్చేవరకు ఆపి ఉంచాం."

మెకానిక్ స్క్రూడ్రైవర్ ఆపి మా వైపు చూసి, మళ్లీ తన పని చూసుకున్నాడు.

"కొనుగోలు ఆఫీసంటే మీ ఆఫీసే కదా," అంది పిట్ట.

"ఊ."

"ఎవరు కలిపారు?"

"నేనే."

"ఎందుకు?"

"ఒకే కంపెనీ కదా అని." ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని వెతికాను. లేదు.

ఆమె వేలు కాగితం మీదే ఉంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండునని నిలబడ్డాను. పెట్టె మెకానిక్ ఉన్న వైపు చాచి ఇచ్చేసింది.

"అమ్మకు చెప్పకు మావయ్యా," అంది. "నువ్వు నా కోసం తిరగని చోటు లేదని ఇరుగూ పొరుగూ అందరికీ చెప్పుకుంటోంది. నా విషయంలో ఆవిడకు మిగిలింది ఆ ఒక్కటే."

తర్వాత కర్ర తీసుకుని, పిల్లలు ఎదురుచూస్తున్నారని టైపు క్లాసుకు వెళ్లిపోయింది. నేను చేయి అందించబోతే దారి తెలుసంది.

ఆ సాయంత్రం పిట్ట ఫోన్ చేయలేదు. అక్క చేసింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఎలాగైతేనేం తెప్పించావటగా. దానికి రాత లేకపోతే నువ్వేం చేస్తావురా. నువ్వు పడ్డ కష్టం నాకు తెలుసు. సొంత తండ్రైనా అంత తిరగడు."

"ఊ," అన్నాను.

"ఆదివారం భోజనానికి రా. పిట్టే పిలవమంది," అంది.

వస్తానన్నాను.